ఉప్పు తగినంత

తెలుగులో ఎవరు ఏ వంట రాసిచ్చినా చివర్లో ఒక మాట తప్పదు: ఉప్పు తగినంత. మైదా ఎంతో చెబుతారు, వెన్న ఎంతో చెబుతారు, మిరియాల పొడి అర చెంచా అని కచ్చితంగా చెబుతారు. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ చేతులు దులుపుకుంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ రెండు మాటలు రాసిచ్చి నేను ఒక మనిషి మీద పన్నెండేళ్ల పగ తీర్చుకున్నాను. తీర్చుకున్నాననే చాలా సేపు అనుకున్నాను.

ఆ మనిషి మా ఆయన అక్క. నేను వదినా అని పిలుస్తాను. చిత్తూరులో ఉంటుంది. మేము తిరుపతిలో ఉంటాం. మా ఇద్దరి మధ్య గంటన్నర దూరం. కొన్ని సంవత్సరాలు అది సరిపోలేదు.

మొదలు ఎక్కడంటే, నా పెళ్లయిన మొదటి దసరా. మా అత్తగారిది తరతరాలుగా కోవెల సేవలో ఉన్న కుటుంబం. ఉల్లి, వెల్లుల్లి గడప దాటి లోపలికి రావు. అంతకంటే గట్టి నియమం ఇంకొకటి ఉంది. దేవుడికి చూపించేది ఏది వండినా, చూపించేదాకా రుచి చూడకూడదు. నాలుక మీద ఒక చుక్క పడితే గిన్నె మొత్తం ఎంగిలి. వాసన కూడా మరీ ఇష్టంగా పీల్చకూడదని మా అత్తమ్మ అంటుంది. అందుకని ఆ ఇంటి ఆడవాళ్లకు ఉప్పు నాలుక మీద ఉండదు, చేతిలో ఉంటుంది. పిడికిలి తెరిచి, మూసి, గిన్నెలో వేస్తారు. సరిపోతుంది. ఎలా సరిపోతుందని అడిగితే అదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు.

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. ద్రావణాల గాఢతలు లెక్కగట్టడం నా ఉద్యోగం. పులిహోర కూడా ఒక రకం ద్రావణమే కదా అనుకున్నాను. అనుకోవడానికి అడ్డు చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు.

బొమ్మల కొలువుకి వదిన చిత్తూరు నుంచి ముందురోజే వచ్చి, చింతపండు గొజ్జు తనే ఉడికించి పెట్టింది. అన్నంలో కలిపే పని నాకు అప్పగించారు. అప్పుడు ఆమె హాల్లో కూర్చుని కొలువుకి కనకాంబరాలు కడుతోంది. వెళ్లి, గొజ్జులో ఉప్పు వేశారా వదినా అని అడిగాను. దారం మీంచి కళ్లెత్తకుండా చెప్పింది.

"అన్నీ నేనే సెప్పాల్నా? నువ్వు సూసుకో."

రుచి చూడకూడని వంటింట్లో సూసుకో అంటే ఏం చూసుకోవాలో నాకు తెలియలేదు. అన్నానికి లెక్కగట్టి చెంచాతో ఉప్పు వేశాను. కలిపాను. కొలువు ముందు పెట్టాం, హారతి ఇచ్చాం, వచ్చిన ముత్తైదువలకి ఆకుల్లో వడ్డించాం. ప్రసాదం కాబట్టి ఎవరూ వదిలిపెట్టలేదు. కళ్లకి అద్దుకుని, నోట్లో పెట్టుకుని, మింగారు. ఒక పెద్దావిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. భక్తి అనుకున్నాను. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న బిందెడు నీళ్లు అయిపోయాయి.

అప్పుడు వదిన, హాలంతా వినపడేలా, కానీ గొంతు పెంచకుండా అంది.

"కెమిస్ట్రీ సదివిన పిల్ల గదా. ఉప్పుకి ఫార్ములా తెలుసు, కొలతే తెలీదు."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. దాని ఫలితం ఆయన ఇంకా అనుభవిస్తున్నాడు.

మర్నాడు నేను ఆ చెంచాను కాలేజీకి తీసుకెళ్లి, ల్యాబులో త్రాసు మీద అదే చెంచాడు ఉప్పు తూచాను. లెక్క సరిగ్గానే ఉంది. మరి పులిహోర ఎందుకు అలా అయిందో అంతుబట్టలేదు. కొత్త ఇల్లు, కంగారులో రెండుసార్లు వేసి ఉంటాను అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తప్పు నాదే అని ఒప్పుకున్నాను. కోపమంతా ఆ తర్వాత జరిగినదాని మీద.

తర్వాత జరిగింది ఏమిటంటే, వదిన ఆ కథను మరిచిపోనివ్వలేదు. పెళ్లిళ్లలో, సీమంతాల్లో, ఆఖరికి ఒక దశదిన కర్మ భోజనాల్లో కూడా, నా పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లకి చెప్పింది. కథ ఏటేటా పెరిగింది. మొదటి ఏడాది కళ్లల్లో నీళ్లు తిరిగిన పెద్దావిడకి మూడో ఏడాదికి వాంతులయ్యాయి, ఏడో ఏడాదికి ఆమెను రుయా ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆవిడ మాత్రం ఇప్పటికీ పొద్దున్నే నడకకు వెళ్తూ మా గేటు ముందు కనిపిస్తుంది. బంధువుల్లో నా పేరు పోయి ఉప్పు కోడలు అన్న పేరు వచ్చింది. వడ్డించేవాళ్లు నా విస్తరి దగ్గర ఆగి, ఉప్పు వేరేగా పెట్టమంటారా అని అడిగేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూ పళ్లు కొరుక్కోవడం కొంచెం సాధన చేస్తే వస్తుంది.

దేవుడి వంటకి నన్ను మళ్లీ పిలవలేదు. కొబ్బరి కోరడం, అరిటాకులు తుడవడం దాకా నా హోదా. ఆ ఖాళీలో నేను ఒవెన్ కొన్నాను.

ఇది ఆకలి కోసం కొన్నది కాదు. వదినకి చేతకాని వంట ఒకటైనా ఈ భూమ్మీద ఉండాలి, అది నాకు రావాలి. మురుకుల్లో ఆమెను గెలవలేను. చక్కెర పొంగలిలో గెలవలేను. కానీ ఆమె జీవితంలో ఒవెన్ ముట్టుకోలేదు. బేకరీ పఫ్ కూడా తినలేదు. మా వాళ్లు బేకరీ పఫ్ తినరు. కూర పఫ్, గుడ్డు పఫ్ ఒకే పళ్లెంలో పక్కపక్కన పడుకుని ఉంటాయి కాబట్టి. అదే సరుకు ఇంట్లో, మడికి భంగం లేకుండా చేసి పెడితే ఎవరూ కాదనలేరని నా వ్యూహం.

పొరల పిండి సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెబుతాను. మైదా ముద్దను పరిచి, మధ్యలో వెన్న పలక పెట్టి, ఉత్తరంలా మడిచి, మళ్లీ పరిచి, మళ్లీ మడిచి, మధ్యమధ్యలో ఫ్రిజ్‌లో పడుకోబెట్టి, ఇలా ఆరుసార్లు చేస్తే వేడికి పొరలు పొరలుగా లేస్తుంది. షరతు ఒకటే. వెన్న కరగకూడదు. ఇది తిరుపతిలో పెట్టదగిన షరతు కాదు. మా ఊళ్లో ఏడుకొండలూ పగలంతా ఎండ తాగి, సాయంత్రం దాన్ని మన మీదికి ఊదుతాయి. మొదటిసారి వెన్న రెండో మడతకే బయటికొచ్చి బండ మీదుగా పారి, నా కాలి మీద పడింది. కాలిన తర్వాత వచ్చిన దాన్ని మా ఆయన పట్టుకుని చూసి, తలుపు కదలకుండా కింద పెట్టుకోవచ్చన్నాడు.

ఆ తర్వాత పడగ్గదిలో ఏసీ పద్దెనిమిదిలో పెట్టి, బల్ల మీద పరవడం మొదలుపెట్టాను. మే నెలలో మధ్యాహ్నం మా ఆయన శాలువా కప్పుకుని మంచం మీద పేపరు చదువుకునేవాడు. నేను అప్పడాల కర్రతో పగను పరిచేదాన్ని. ఆరో నెలకి పొరలు విడివడ్డాయి. చతురస్రాలుగా కోసి, అంచులు లేపి, మధ్యలో క్యారెట్, బీన్స్, క్యాప్సికం, మొక్కజొన్న గింజలు, మిరియాల పొడి, పైన తురిమిన చీజ్. గుడ్డు బదులు పాలు పూస్తే బంగారు రంగు వచ్చింది. దీన్ని టార్ట్ అంటారు. మా అత్తమ్మ మూత లేని పఫ్ అంది. అదే ఖాయమైంది.

ఇక్కడ అసలు రహస్యం చెప్పాలి. షాపులో దొరికే వెన్నలో ఉప్పు ఉంటుంది. చీజ్‌లో అంతకంటే ఎక్కువ ఉంటుంది. నేను ఉప్పు లేని వెన్న వెతికి తెచ్చి, చీజ్‌లో ఉన్నదే చాలనుకుని, కూరగాయల్లో ఉప్పు అసలు వెయ్యను. పిండిలో చిటికెడు. అంతే. కెమిస్ట్రీ.

పోయిన ఏడాది దసరాకి కొలువు చూడ్డానికి వచ్చినవాళ్లకి గుగ్గిళ్లతో పాటు ఇవీ పెట్టాను. గుగ్గిళ్లు మిగిలాయి, ఇవి మిగల్లేదు. వదిన మూడు తింది. చేతులు తుడుచుకుని, బాగానే ఉండాయి గానీ దేవుడికి పనికిరావు అంది. పనికిరానివి మూడెందుకు తిన్నారని నేను అడగలేదు. ఓపిక నాకు ఎక్కువ.

ఈ ఏడాది మహాలయ పక్షాల్లో ఫోన్ చేసింది. కుశల ప్రశ్నలు లేవు.

"ఆ మూత లేని పఫ్‌లు ఎట్ల చేస్తావో రాసి పంపు. సరస్వతి పూజ నాడు మా ఇంట్లో చేస్తానని అపార్ట్‌మెంట్‌లో అందరికీ సెప్పేసినాను. నేను కనిపెట్టినానని సెప్పినాను. నువ్వొచ్చి కాదనబాక."

పన్నెండేళ్లు ఎదురుచూసిన మనిషికి పళ్లెంలో పెట్టి ఇస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

కాలేజీలో మిగిలిన జవాబు పత్రం మీద శ్రద్ధగా రాశాను. నిజాయితీలో లోపం చెయ్యలేదు. ఎన్ని మడతలు, ఎంతసేపు ఫ్రిజ్‌లో, ఏసీ ఎంతలో పెట్టాలి, పాలు ఎప్పుడు పుయ్యాలి, అన్నీ రాశాను. నాకు ఆరు నెలలు పట్టిన సంగతులు ఆమెకు ఒక పేజీలో ఇచ్చేశాను. ఎందుకంటే అవి చూడ్డానికి అద్భుతంగా రావాలి. మాడిపోయినదాన్ని ఎవరైనా భయపడుతూ అంచు కొరుకుతారు. అందమైనదాన్ని సగానికి కొరుకుతారు. చివర్లో రాశాను: ఉప్పు తగినంత.

ఆమె ఎక్కడ పడుతుందో నాకు తెలుసు. మా అత్తగారి వైపు ఇళ్లల్లో వెన్న అంటే మీగడ చిలికిన తెల్ల వెన్న. అందులో ఉప్పుండదు. వెన్నలో ఉప్పుంటుందన్న ఊహే వాళ్లకి రాదు. పొట్లం వెన్న, చీజ్ ఆమె మొదటిసారి కొంటుంది. కొని రుచి చూడదు, దేవుడి వంట కాబట్టి. తన చేతి మీద నమ్మకంతో పిండికి ఒక పిడికిలి, కూరగాయలకి ఒక పిడికిలి వేస్తుంది.

మళ్లీ ఫోన్ చేసింది. వెన్న ఏదైనా పరవాలేదా అంది. ఏ వెన్నకైనా పొరలు విడతాయి వదినా అన్నాను. చీజ్ సంగతేమిటంది. పొట్లం మీద పచ్చ చుక్క ఉందో లేదో చూసుకుంటే చాలన్నాను. మరి ఉప్పు అంది.

ఇక్కడ నేను రెండు క్షణాలు ఆగాను. పాపభీతి వల్ల కాదు. సరైన మాట కోసం.

"మీ చేతికి నేను సెప్పాల్నా వదినా. మీరే సూసుకోండి."

ఆమె సంతోషించింది. ఎన్నాళ్లకో మరదలికి బుద్ధొచ్చిందని అనుకుని ఉంటుంది.

సరస్వతి పూజ నాడు మధ్యాహ్నం కారులో బయలుదేరాం. మా ఆయన నడుపుతున్నాడు, పక్కన నేను, వెనక మా అత్తమ్మ. చంద్రగిరి దాటుతుండగా అత్తమ్మ వెనక నుంచి చెప్పింది, పొద్దున ఇడ్లీ చట్నీ లేకుండా తిన్నానని. మధ్యాహ్నం అన్నంలో కూడా ఉప్పు వేసుకోలేదని.

"సాయంత్రం మా పాప చేసేది రెండు తినాల గదా. అందుకు మిగుల్చుకున్యా."

మా అత్తమ్మకి రెండేళ్లుగా బీపీ. ఉప్పు బాగా తగ్గించమన్నాడు డాక్టరు. తగ్గించకపోతే ఏమవుతుందో కూడా నా ఎదురుగానే చెప్పాడు. పన్నెండేళ్లుగా అన్నీ లెక్కగట్టిన నేను ఇది లెక్కలో వెయ్యలేదు.

చంద్రగిరి కోటను ఎన్నోసార్లు చూశాను గానీ ఆ రోజు చూసినంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. మూడు గంటలవుతోంది. వదిన అప్పటికి కూరగాయలు ఉడికిస్తూ ఉంటుంది. ఒక్క ఫోన్ చేస్తే ఆ రెండో పిడికిలైనా ఆగుతుంది. ఫోన్ బ్యాగులో ఉంది. బ్యాగు ఒళ్లో ఉంది. నేను చెయ్యలేదు. అక్కడికి వెళ్లాక అత్తమ్మను పక్కకి పిలిచి, మీరు తినకండి అని చెబుదాంలే అనుకున్నాను. పగలో ఉన్న మనిషి ఎంత తెలివిగా ఆలోచిస్తుందో ఇదొక ఉదాహరణ.

వెళ్లేసరికి హాలు నిండి ఉంది. అపార్ట్‌మెంట్ ఆడవాళ్లు పదిమంది దాకా, పట్టుచీరల్లో. అత్తమ్మను అందరూ చుట్టుముట్టి, కొలువుకి ఎదురుగా మధ్యలో కూర్చోబెట్టారు. పక్కకి పిలవడానికి పక్క లేదు. సరే, ఆవిడ పక్కనే చోటు చేసుకుని కూర్చున్నాను.

వంటింట్లోంచి వదిన పళ్లెం పట్టుకొచ్చింది.

నిజం చెప్పాలి. నావాటికంటే బాగా లేచాయి. అంచులు రేకులు రేకులుగా, చీజ్ అక్కడక్కడా బుడగలు కట్టి, పాలు పూసిన మెరుపుతో. మొదటి ప్రయత్నంలోనే. నాకు ఆరు నెలలు పట్టింది. పగకి ఆ కాస్త అసూయ కూడా తోడైంది. ఏదీ వృథా పోలేదు.

కొలువు ముందు పెట్టింది. హారతి ఇచ్చింది. పాట పాడింది. బాగానే పాడుతుంది. తర్వాత వడ్డన. మావాళ్లలో పరాయివాళ్లకి ముందు, ఇంటివాళ్లకి చివర. వడ్డిస్తూ, బేకరీలో ఇట్ల రావని, మా తిరుపతి మరదలు కూడా ఏదో చేస్తాది గానీ దానికి ఉప్పు చెయ్యి అని, ఆస్పత్రి దాకా పోయిన పులిహోర కథ మళ్లీ మొదలుపెట్టింది. అందరూ నా వైపు తిరిగి నవ్వారు. నవ్వుతూనే కళ్లకి అద్దుకుని, కొరికారు.

సగానికి కొరికారు. నేను అనుకున్నట్టే.

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగాయి. ఎవరూ ఉమ్మలేదు. ప్రసాదం కదా. రిటైరైన టీచరమ్మ ఒకావిడ చాలాసేపు నమిలి, పొరలు పొరలుగా ఉంది అని మాత్రం చెప్పగలిగింది. ఇంకొకావిడ మిగతా సగం కొంగులో చుట్టి, వాళ్లాయనకి తీసుకెళ్తానంది. ఆయన మీద ఆవిడకి ఏం కోపమో. మంచినీళ్లు అని ఎవరో మెల్లిగా అడిగారు. తర్వాత అందరూ అడిగారు. వదిన చెంబు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది, ఇవాళ ఇంత ఉక్కగా ఉండాదేంది అనుకుంటూ.

ఆ రెండు నిమిషాల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

తర్వాత మా వంతు వచ్చింది. నా ఆకులో ఒకటి, అత్తమ్మ ఆకులో రెండు పెట్టింది. అత్తమ్మ రెండు చేతులతో ఎత్తి కళ్లకి అద్దుకుంది. చిన్న పిల్లలా నోరు తెరిచింది. నా చెయ్యి నన్ను అడగకుండానే వెళ్లి ఆవిడ చేతిలోంచి దాన్ని లాగేసుకుంది. ఆకులో ఉన్న రెండోది కూడా తీసేసింది.

హాలంతా చూసింది. అత్తగారి నోటిముందరి ప్రసాదం లాక్కున్న కోడలిని బహుశా ఎవరూ అంతకుముందు చూసి ఉండరు. అత్తమ్మ ఖాళీ చేతులు అలాగే పట్టుకుని, ఎందుకమ్మా అంది. మీకొద్దు అత్తమ్మా, ఉప్పు ఎక్కువైంది అన్నాను.

వదిన చెంబు కింద పెట్టింది. నా ఆకు వైపు చూసింది. నాది ఇంకా ముట్టుకోలేదు. అంచు కూడా విరగకుండా, చక్కగా, సాక్ష్యంలా కూర్చుని ఉంది. ఆమె పళ్లెంలోంచి ఒకటి తీసుకుని కొరికింది. ఆఖరిదాకా నమిలింది. మింగింది. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. ఆ విషయంలో నేను ఆమెను మెచ్చుకోకుండా ఉండలేను.

"నువ్వు ఇంగా తిననే లేదే. నీకెట్ల తెలిసె?"

పన్నెండేళ్లలో నేను చాలా జవాబులు తయారుచేసుకున్నాను. వాటిలో అన్నిటికంటే చిన్నది తీశాను.

"కెమిస్ట్రీ వదినా" అన్నాను.

టీచరమ్మకి పొలమారింది. ఆమె నీళ్లు తాగే నెపంతో నవ్వుతోందని నాకు అనిపించింది. మిగతావాళ్లకి ఏమర్థమైందో గానీ, పులిహోర కథ మాత్రం అక్కడే ఆగిపోయింది. ఆస్పత్రి గేటు దాకా వచ్చి ఆగిపోయింది.

అత్తమ్మ దగ్గర్నుంచి లాక్కున్న రెండూ, నాది ఒకటీ, మూడూ నేనే తినాల్సి వచ్చింది. చేతిలోకి తీసుకున్న ప్రసాదం పక్కన పెట్టకూడదు. నేను రాసిచ్చిన లెక్క ఎంత కచ్చితంగా పనిచేసిందో అప్పుడు తెలిసింది. ఉప్పు నాలుక మీద కాదు, చెవుల్లో వినిపించింది.

బయలుదేరేటప్పుడు వదిన తాంబూలం ఇచ్చింది. బొట్టు పెట్టింది. తర్వాత లోపలికి వెళ్లి పెద్ద స్టీలు డబ్బా తెచ్చి నా చేతుల్లో పెట్టింది. బరువుగా ఉంది. మూత తీయక్కర్లేకుండానే అర్థమైంది. అందరూ వింటుండగా చెప్పింది, పద్నాలుగు మిగిలినాయి, ప్రసాదం పారేయకూడదు, నువ్వు రాసిచ్చిందే గదా, నువ్వే తినాల అని. నేను రెండు చేతులా అందుకుని కళ్లకి అద్దుకున్నాను. ఇంకేం చెయ్యగలను.

చెప్పులు వేసుకుంటుంటే మెట్ల దగ్గరికి వచ్చింది. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. గొంతు తగ్గించి అడిగింది.

"ఆ పులిహోర గొజ్జులో నేను ముందే ఉప్పు వేసిండానని నీకు ఎవురు సెప్పినారు? అమ్మ సెప్పిందా?"

నా చెయ్యి చెప్పు పట్టీ మీద ఆగిపోయింది. ల్యాబులో త్రాసు గుర్తొచ్చింది. లెక్క సరిగ్గానే ఉంది.

"ఎవురూ సెప్పలేదు వదినా. ఇప్పుడు మీరే సెప్పినారు."

ఆమె ముఖంలో గీతలు అప్పుడు కదిలాయి. నేను నమస్కారం పెట్టి మెట్లు దిగాను. నేను తీర్చుకున్నది ఎగతాళి మీది పగ. అసలుది ఇంకా మొదలే కాలేదని కింద చివరి మెట్టు మీద తెలిసింది.

కారులో మా ఆయన డబ్బా వాసన చూసి, భలే ఉందే అని ఒకటి తీసుకున్నాడు. చెప్పొచ్చు. కానీ మొదటి దసరాకి ఆయన నవ్విన నవ్వు నాకు బాగా గుర్తుంది. పాకాల దగ్గర టీ కొట్టు ముందు కారు ఆపి రెండు సీసాల నీళ్లు తాగాడు. వెనక నుంచి అత్తమ్మ నెమ్మదిగా అంది.

"నా బీపీకి కారణం ఆ డాక్టరు యాడయాడో ఎతుకుతా ఉండాడు. ఇంట్లోనే ఉండాది."

మిగిలిన పదమూడూ నేనే తిన్నాను. రోజుకి రెండు చొప్పున, ఉప్పు వెయ్యని పెరుగన్నంలో పిసుక్కుని. గాఢత తగ్గించాలంటే ద్రావణి పెంచాలని పిల్లలకి చెబుతూ ఉంటాను. ఆఖరి రోజు ఒకటే మిగిలింది. దాన్ని ఊరికే తిన్నాను. అప్పటికి అలవాటైంది.

డబ్బా తోమి ఆరబెట్టాను. ఇంకొకరి డబ్బా ఖాళీగా తిరిగి పంపకూడదు. ఏదో ఒకటి పెట్టి పంపాలి. ఏం పెట్టాలో నాకు ఎక్కువసేపు ఆలోచించాల్సిన పని పడలేదు. చింతపండు నానబెట్టాను. గొజ్జు నేనే ఉడికించాను. అన్నం నేనే వార్చాను. ఇది దేవుడికి కాదు, వదినకి. కాబట్టి రుచి చూశాను. నాలుగుసార్లు చూశాను. నా జీవితంలో అంత బాగా కుదిరిన పులిహోర లేదు. అయితే ఆమె డబ్బాలో పెట్టలేదు. మా ఇంటి డబ్బాలో పెట్టి, ఆదివారం చిత్తూరులో పని ఉన్న మా ఆయన చేతికిచ్చాను. ఆమె డబ్బా నా దగ్గరే ఉంచుకున్నాను.

సాయంత్రం ఆయన వచ్చాడు. అక్క తిందా అని అడిగాను. ఎదురుగానే తిందన్నాడు. నిలబడే మొదలుపెట్టి, తర్వాత కూర్చుందట. రెండోసారి వేసుకుందట. డబ్బా అడుగు గరిటెతో గీకిందట.

"ఏమన్నా అనిందా?"

ఆయన చెప్పాలా వద్దా అన్నట్టు కాసేపు చెప్పులు విప్పుకున్నాడు.

"ఉప్పు రవ్వంత తక్కువైంది అనింది."

ఇప్పుడు నా డబ్బా చిత్తూరులో ఉంది, ఆమె డబ్బా మా అలమరాలో ఉంది. ఇద్దరమూ సంప్రదాయం తెలిసినవాళ్లమే. ఖాళీగా పంపే ప్రసక్తి లేదు.